కొత్త తొట్టిలో నీటిని వెచ్చబరచడం, ఉష్ణమండల చేపలను చేర్చడం: నా అనుభవం

నా తొట్టి పొడవు 75 సెంటీమీటర్లు, వెడల్పు 40, ఎత్తు 45. లెక్క ప్రకారం అందులో 135 లీటర్లు పట్టాలి గాని, అడుగున ఇసుక, రాళ్లు, ఒక చెక్కదుంగ చేరి, పై అంచు దగ్గర కొంత ఖాళీ వదిలేసరికి నిజంగా నిలిచే నీరు 110 లీటర్లకు మించలేదు. హీటరు వాట్లు, మందు మోతాదు, చేపల సంఖ్య అన్నీ ఈ 110 మీదనే లెక్కగట్టాను. అట్టపెట్టె మీద అచ్చువేసే పరిమాణం ఖాళీ గాజుపెట్టెకు చెందినది గనుక దానిని పట్టించుకోలేదు. నీటి బరువే 110 కిలోలు. గాజు, ఇసుక, రాళ్లు కలిస్తే మొత్తం 150 కిలోలకు చేరుతుంది. అందుచేత ఆ బరువు కోసమే చేసిన ఇనుప స్టాండు మీద, స్పిరిట్ లెవెల్‌తో మట్టం సరిచూసి, తొట్టి కింద పలుచని ఫోమ్ షీటు పరిచి నిలబెట్టాను. నేరుగా ఎండ పడే కిటికీకి దూరంగా పెట్టడానికి కారణం నాచు ఒక్కటే కాదు. మధ్యాహ్నం ఎండ రెండు మూడు గంటలు పడితే నీటి వేడి, హీటరును తగిన వేడి దగ్గర ఆపే ఏ థర్మోస్టాట్‌కూ లొంగదు, ఎందుకంటే హీటరు వేడిని పెంచగలదే గాని తగ్గించలేదు.

నీరు నింపక ముందే చేపల జాబితా తేల్చుకున్నాను. ఉష్ణమండల చేపలన్నిటికీ ఒకే వేడి సరిపోతుందన్న అభిప్రాయం చాలామందిలో ఉంది గాని, అది నిజం కాదు. డిస్కస్‌లకు 28 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ కావాలి. నియాన్ టెట్రాలకు ఎల్లకాలం అంత వేడి సరిపడదు. జీబ్రా డానియోలు 20 డిగ్రీల నీటిలో కూడా హాయిగా ఈదుతాయి. గోల్డ్ ఫిష్ అయితే అసలు చల్లనీటి చేప. వీటిని ఒకచోట చేర్చి మధ్యేమార్గంగా ఒక అంకె దగ్గర హీటరు పెడితే ఏ చేపకూ న్యాయం జరగదు. నేను కోరుకున్నవి మూడు రకాలు: మధ్యనీటిలో గుంపుగా తిరిగే హార్లెక్విన్ రాస్బోరాలు, అడుగున ఇసుకలో మేత వెతుక్కునే బ్రాంజ్ కోరిడోరాస్‌లు, ఉపరితలం దగ్గర మసలే ఒక హనీ గౌరామి జంట. రాస్బోరాలకు 22 నుంచి 27, కోరిడోరాస్‌లకు 22 నుంచి 26, గౌరామీలకు 22 నుంచి 28 డిగ్రీలు అనుకూలం. మూడింటికీ ఉమ్మడిగా మిగిలే మేర 22 నుంచి 26. దాని నడిమి అంకె 24ను లక్ష్యంగా పెట్టుకోవడం వల్ల, పరికరం కొంచెం అటూ ఇటూ అయినా రెండు వైపులా రెండేసి డిగ్రీల వెసులుబాటు ఉంటుందనుకున్నాను.

వేడి ఎక్కువైతే చేపలు చురుకుగా ఉంటాయి కదా, 28 దగ్గర పెట్టమని సలహా ఇచ్చినవారు ఉన్నారు. చురుకుదనం కనిపించే మాట నిజమే. అయితే 25 డిగ్రీల మంచినీరు లీటరుకు దాదాపు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగలిగితే, 30 డిగ్రీల వద్ద అది 7.6కు పడిపోతుంది, అదే సమయంలో చేప శరీరానికి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. చేపల వ్యర్థాలను మార్చే బ్యాక్టీరియా ఇంకా కుదురుకోని కొత్త తొట్టిలో ఈ రెండు ఒత్తిళ్లనూ కోరి తెచ్చుకోవడం నాకు సబబుగా తోచలేదు.

హీటరు ఎంపిక దగ్గర నేను ఎక్కువ సమయం వెచ్చించాను. లీటరుకు ఒక వాటు అన్న సూత్రం అందరూ చెప్పేదే. కానీ హీటరు పని గదికీ నీటికీ మధ్య ఉన్న తేడాను బట్టి ఉంటుంది తప్ప లీటర్లను బట్టి మాత్రమే కాదు. ఈ తేడాను నా తొట్టి విషయంలో స్వయంగా కొలవాలనుకుని, చేపలేవీ లేని ఆ తొలి దశలోనే నీటిని 25 డిగ్రీలకు తెచ్చి, హీటరు ప్లగ్గు తీసేసి, గది 20 డిగ్రీల దగ్గర ఉన్న ఒక రాత్రి నీరు చల్లబడే తీరును గంటగంటకూ రాసిపెట్టాను. మూత వేసి, ఫిల్టరు నడుస్తూ ఉండగా, మొదటి డిగ్రీ తగ్గడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి సుమారు 4,186 జౌళ్ల శక్తి కావాలి గనుక 110 లీటర్లకు అది దాదాపు 4,60,000 జౌళ్లు అవుతుంది. రెండున్నర గంటలంటే 9,000 సెకన్లు. భాగిస్తే సెకనుకు 51 జౌళ్లు, అంటే 51 వాట్లు. ఐదు డిగ్రీల తేడా ఉన్నప్పుడు నా తొట్టి 50 వాట్ల వేడిని పోగొట్టుకుంటోందన్నమాట. డిగ్రీకి పది వాట్లు. లీటరుకు ఒక వాటు అన్న సూత్రం గదికంటే నీరు పది డిగ్రీలు ఎక్కువ ఉండాలనుకునే పరిస్థితికి సరిపోయేదని దీనితో నాకు అర్థమైంది. మూత తీసి ఇదే కొలత తీసుకుంటే తగ్గుదల స్పష్టంగా వేగం పుంజుకుంది. ఆవిరయ్యే ప్రతి గ్రాము నీరూ తనతో రెండు వేల జౌళ్లకు పైగా వేడిని తీసుకుపోతుంది మరి. హీటరు వాట్లు పెంచే ముందు మంచి గాజుమూత ఒకటి అమర్చుకోవడం చవకైన మార్గం.

మా గది ఎంత చల్లబడినా 19 డిగ్రీలకు దిగదు. 24 డిగ్రీల నీటికి అప్పుడు కావలసింది 50 వాట్లు. దానికి రెట్టింపుగా 100 వాట్లు ఉంటే చాలు. ఆ వందను ఒకే హీటరుగా తీసుకోకుండా 50 వాట్లవి రెండు తీసుకున్నాను. హీటర్లలో సాధారణంగా కనిపించే లోపం థర్మోస్టాట్ కాంటాక్టులు ఒకదానికొకటి అతుక్కుపోవడం. అప్పుడు హీటరు ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. ‘ఉంటే మంచిదే కదా’ అని చాలామంది కొనే 300 వాట్ల హీటరు నా తొట్టిలో అలా అతుక్కుపోతే, మొదట్లో దాదాపు 26 నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున నీరు వేడెక్కుతుంది. నా లెక్క ప్రకారం అది గదికంటే 30 డిగ్రీలు ఎక్కువయ్యే దాకా ఆగదు. రాత్రి పడుకుని తెల్లవారి లేచేసరికి చేపలు బతికి ఉండవు. అదే 50 వాట్ల హీటరు అతుక్కుపోతే, తొట్టి వేడిని ఏమీ పోగొట్టుకోదనుకున్నా ఒక డిగ్రీకి రెండున్నర గంటలు పడుతుంది. గదికంటే ఐదు డిగ్రీలు దాటగానే అది ఇచ్చే వేడీ తొట్టి పోగొట్టుకునే వేడీ సరిసమానమై పెరుగుదల ఆగిపోతుంది. గది 22 డిగ్రీలుంటే నీరు 27 దగ్గర నిలుస్తుంది. కోరిడోరాస్‌లకు అది ఇబ్బందే గాని ప్రాణాంతకం కాదు. ఇక రెండింటిలో ఒకటి పూర్తిగా పనిచేయడం మానేస్తే, మిగిలిన 50 వాట్లే అత్యంత చల్లని రాత్రిని కూడా నెట్టుకొస్తాయి.

వేసవిలో ఈ లెక్క చాలదు. గదే 30 డిగ్రీలు ఉన్నప్పుడు అతుక్కుపోయిన 50 వాట్ల హీటరు నీటిని 35కు తీసుకుపోగలదు. అందుకని రెండు హీటర్లనూ విడిగా దొరికే టెంపరేచర్ కంట్రోలర్ ద్వారా కలిపాను. కంట్రోలర్‌ను 24 దగ్గర, హీటర్ల సొంత డయల్‌ను 25 దగ్గర ఉంచాను. మామూలు రోజుల్లో పని అంతా కంట్రోలర్‌దే. దాని రిలే (లోపలి స్విచ్) అతుక్కుపోతే హీటర్ల సొంత థర్మోస్టాట్లు 25 దగ్గర ఆపుతాయి. హీటరు థర్మోస్టాట్ అతుక్కుపోతే కంట్రోలర్ ఆపుతుంది. రెండూ ఒకేసారి చెడితేనే ప్రమాదం. ఈ అమరికలో శ్రద్ధ పెట్టవలసిన చోటు కంట్రోలర్ సెన్సర్. ఆ తీగ జారి నీటి బయట వేలాడితే, అది చల్లని గదిగాలిని కొలుస్తూ నీరు చల్లగా ఉందనుకుని హీటర్లను నడిపిస్తూనే ఉంటుంది. అందుకే దాన్ని సక్షన్ కప్పుకు వదిలేయకుండా, వెనుక అద్దం మీద అడుగుకు దగ్గరగా, క్లిప్పుతో కూడా బిగించాను. వేసవి నెలల్లో హీటర్ల ప్లగ్గులు పూర్తిగా తీసేస్తాను. అంతకు మించిన భద్రత లేదు.

హీటర్లను అడుగుకు కొద్ది ఎత్తులో అడ్డంగా, ఒకటి ఫిల్టరు నీటిని లాగే వైపు, మరొకటి వదిలే వైపు పెట్టాను. అడ్డంగా పెట్టడానికి అవి పూర్తిగా మునిగి పనిచేసే రకం అయి ఉండాలి. కొన్ని హీటర్లకు నీరు ఇంతకు మించకూడదనే గీత కూడా ఉంటుంది. అడ్డంగా, అడుగు దగ్గర ఉంటే, నీరు మార్చేటప్పుడు మట్టం తగ్గినా, మరచిపోయి నాలుగు రోజులు ఆవిరి కానిచ్చినా హీటరు గాజు బయటపడదు. వెలుగుతున్న హీటరు గాలిలోకి వస్తే గాజు విపరీతంగా వేడెక్కుతుంది, ఆపైన చల్లని నీరు తగిలితే పగులుతుంది. పగిలిన హీటరు ఉన్న నీటిలో చేయి పెట్టడమంటే కరెంటు తీగను ముట్టుకోవడమే. ఇసుకలో కూరుకుపోయినా వేడి బయటకు పోక అదే గతి. రెండింటికీ ప్లాస్టిక్ గార్డులు తొడిగాను, ఎందుకంటే కోరిడోరాస్‌ల వంటి అడుగు చేపలు హీటరుకు ఆనుకుని విశ్రమించి కాల్చుకునే అవకాశం ఉంది. కొత్త హీటరును నీటిలో దించిన వెంటనే స్విచ్ వేయలేదు. గాజూ లోపలి పట్టీ నీటి వేడికి సర్దుకునేందుకు అరగంట ఆగాను.

విద్యుత్తు విషయంలో నాకు రాజీ లేదు. తొట్టికి సంబంధించిన ప్లగ్గులన్నీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ రక్షణ ఉన్న, ఎర్త్ సరిగ్గా ఉన్న లైనులోనే పెట్టించాను. లీకేజీ ఆ మేరకు రాగానే అది కరెంటును తెంచేస్తుంది. దాని మీద ఉండే టెస్ట్ బటన్‌ను అప్పుడప్పుడూ నొక్కి చూస్తాను. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లి సాకెట్‌కు చేరేలా వదులుగా వదిలాను. వైరు వెంట జారే నీటిబొట్టు ఆ వంపులో కింద రాలిపోతుంది గాని సాకెట్‌లోకి చేరదు. ఎక్స్‌టెన్షన్ బోర్డును తొట్టి కింద నేల మీద పెట్టడం నేను చాలా ఇళ్లలో చూశాను. చూడగానే తీసి గోడకు బిగించమని చెప్పకుండా ఉండలేను.

వేడిని కొలవడానికి హీటరు డయల్‌ను నమ్మలేదు. డయల్ మీద 25 అని ఉన్నా నీరు 24కో 27కో చేరడం సాధారణం. అద్దానికి బయట అతికించే పట్టీ థర్మామీటరు గాజు వేడిని, సగం గది వేడిని కలిపి చూపుతుంది. నీటిలో మునిగే థర్మామీటర్లు రెండింటిని తొట్టి రెండు చివరలా పెట్టాను. వాటి మధ్య అర డిగ్రీకి మించి తేడా వస్తే నీటి ప్రవాహం ఎక్కడో ఆగుతోందని గుర్తు. ఒక రాయి వెనుక అలా నిలిచిపోయిన నీరు, ఫిల్టరు ధారను కొద్దిగా పక్కకు తిప్పగానే కదలింది.

వేడి కుదిరాక బ్యాక్టీరియా వంతు వచ్చింది. చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతాయి. మిగిలిన మేత, మలం కుళ్లినా అమ్మోనియాయే. ఫిల్టరులో స్థిరపడే ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా, మరొక రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ విషాలు, మూడోది తక్కువ మోతాదులో పెద్దగా హాని చేయదు. నైట్రైట్‌ను నైట్రేట్ చేసేది నైట్రోబ్యాక్టర్ అని పాత పుస్తకాలు రాశాయి గాని, మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేసేవి ప్రధానంగా నైట్రోస్పైరా అని 1998లో వచ్చిన పరిశోధన చూపింది. అందుకే బ్యాక్టీరియా సీసాలు కొనేటప్పుడు లేబుల్ మీద ఏ పేరు ఉందో చూడడం తప్పు కాదు.

చేపలను పెట్టి ఈ బ్యాక్టీరియాను పెంచే పద్ధతి ఒకటి ఉంది. ‘నాలుగు గట్టి చేపలు వేసి చూడండి, బతికితే నీరు బాగున్నట్టే’ అంటారు. నాకు అది క్రూరంగా అనిపించింది. నేను అమ్మోనియం క్లోరైడ్‌ను 110 లీటర్లకు 0.7 గ్రాముకు కాస్త అటూ ఇటూగా కలిపి, టెస్ట్ కిట్‌లో అమ్మోనియా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) చూపేలా చేశాను. కుళాయి నీటిలోని క్లోరిన్ ఈ జీవులను కూడా చంపుతుంది గనుక ముందే సోడియం థయోసల్ఫేట్ ఉన్న డీక్లోరినేటర్ వాడాను. క్లోరిన్ బదులు, క్లోరిన్‌తో అమ్మోనియా కలిసి ఏర్పడే క్లోరమిన్ కలిపే చోట నీటిని రాత్రంతా నిలవ ఉంచినా లాభం లేదు. అది గాలికి పోదు, మందుతో విడగొడితే అమ్మోనియాను వదులుతుంది. ఈ దశలో చేపలు లేవు గనుక నీటిని 27 డిగ్రీల దగ్గర ఉంచాను. 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఈ సూక్ష్మజీవులు చురుకుగా పెరుగుతాయి. ఒక స్నేహితుడి ఆరోగ్యకరమైన తొట్టి ఫిల్టరులోని పాత స్పాంజి ముక్కను తడి ఆరకుండా తెచ్చి నా ఫిల్టరులో పెట్టడం అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది.

మొదట అమ్మోనియా దిగింది. తరువాత నైట్రైట్ గులాబీ రంగు ముదిరి, కిట్ కొలవగల హద్దును దాటింది. నైట్రైట్ దశే ఎక్కువ కాలం సాగుతుంది. దాని మధ్యలో పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) కూడా తగ్గుతూ వచ్చింది, ఎందుకంటే ఈ మార్పిడిలో ఆమ్లం పుట్టి నీటిలో పీహెచ్‌ను నిలబెట్టే కార్బొనేట్ కాఠిన్యాన్ని తినేస్తుంది, పీహెచ్ 6.5 కంటే దిగితే బ్యాక్టీరియా పని మందగిస్తుంది. కొంత నీరు మార్చగానే మళ్లీ కదలిక వచ్చింది. మొత్తం మీద ఇది నెలకు పైగా తీసుకునే పని. పాత స్పాంజి దొరికితే కొంత తగ్గుతుంది. వేసిన 2 పీపీఎం అమ్మోనియా 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా చూపి, నైట్రేట్ మాత్రమే పేరుకున్నప్పుడు తొట్టి సిద్ధమైందని నిర్ణయించి, ఎక్కువ భాగం నీరు మార్చి, వేడిని 24కు దించాను.

అమ్మోనియా విషయంలో పీహెచ్‌ను కలిపి చూడడం అవసరం. కిట్ చూపే అంకె రెండు రూపాల మొత్తం. 25 డిగ్రీల వద్ద పీహెచ్ 7 ఉంటే అందులో విషపూరితమైన రూపం 0.6 శాతం లోపే. పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. వేడి పెరిగినా ఈ వాటా పెరుగుతుంది. అదే 0.5 పీపీఎం అంకె ఒకరి తొట్టిలో చేపలకు ఏమీ చేయకపోవడం, మరొకరి తొట్టిలో మొప్పలను కాల్చడం ఇందువల్లనే.

ఇక చేపలు. నిండు సంఖ్య పది రాస్బోరాలు, ఆరు కోరిడోరాస్‌లు, రెండు గౌరామీలు. గ్యాలనుకు ఒక అంగుళం చేప అన్న పాత కొలమానం నాకు సంతృప్తి ఇవ్వలేదు. పొడవు రెట్టింపైతే బరువు దాదాపు ఎనిమిది రెట్లవుతుంది, వ్యర్థాలూ దానికి తగ్గట్టే పెరుగుతాయి గనుక పది చిన్న చేపలనూ ఒక పెద్ద చేపనూ ఒకే పొడవు లెక్కలో చూడలేము. దుకాణంలో వేలంత పొడవుండే ప్లెకో కొన్నేళ్లలో 30 సెంటీమీటర్లు దాటడం తెలిసిందే. నేను పెద్దయ్యాక చేరే పొడవును, గుంపు అవసరాన్ని, ఏ మట్టంలో తిరుగుతుందన్నదాన్ని చూశాను. రాస్బోరాలు, కోరిడోరాస్‌లు ఆరుకు తక్కువ ఉంటే బెదురుగా మూలల్లో దాక్కుంటాయి. ఏంజెల్ చేపలను వద్దనుకున్నది అవి పెరిగాక చిన్న చేపలను మింగుతాయని; టైగర్ బార్బ్‌లను వద్దనుకున్నది గౌరామీల పొడుగాటి పొట్ట రెక్కలను కొరుకుతాయని.

రాస్బోరాలను ముందు తెచ్చాను, అదీ సగం గుంపును. అన్నిటినీ ఒకేసారి దించితే బ్యాక్టీరియా సంఖ్య ఆ బరువుకు తగ్గట్టు పెరగడానికి వ్యవధి ఉండదు. తెచ్చిన చేపలను నేరుగా పెద్ద తొట్టిలో వదలలేదు; స్పాంజి ఫిల్టరు, చిన్న హీటరు ఉన్న 40 లీటర్ల విడి తొట్టిలో మూడు వారాల పాటు ఉంచి గమనించాను. తెల్లమచ్చల వ్యాధిని కలిగించే ఇక్ పరాన్నజీవి చర్మం కింద ఉన్నంత కాలం మందుకు చిక్కదు, నీటిలో ఈదే దశలోనే చస్తుంది. చల్లని నీటిలో దాని జీవిత చక్రానికి ఎక్కువ కాలం పడుతుంది, వెచ్చని నీటిలో త్వరగా ముగుస్తుంది. విడి తొట్టికి హీటరు ఎందుకని అడిగేవారికి నా సమాధానం ఇదే: వేడి పడిపోయి చేప నీరసించిన వేళే ఆ మచ్చలు బయటపడేది.

సంచిని దీపం ఆర్పిన ఆ విడి తొట్టిలో పావుగంట తేలనిచ్చి, వేడి సమానం అయ్యాక, కొంచెం కొంచెం తొట్టి నీరు కలుపుతూ, చివరకు చేపలను వలతో తీసి వదిలాను. సంచి నీటిని తొట్టిలో పోయలేదు. దగ్గర దారి నుంచి వచ్చిన చేపలకు ఇది సరిపోతుంది. ఎక్కువ గంటలు ప్రయాణించిన సంచి విషయం వేరు. చేపలు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ నీటి పీహెచ్ తగ్గి, పేరుకున్న అమ్మోనియా హానిలేని రూపంలో అణిగి ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరిగి అమ్మోనియా విషరూపం దాలుస్తుంది. అటువంటి సంచిని విప్పి గంటల తరబడి చుక్కచుక్కగా నీరు కలుపుతూ కూర్చోవడం చేపలకు మేలు కాదు. వేడి సరిచూసి త్వరగా దించడమే నయం. కోరిడోరాస్‌ల రెక్కల ముళ్లు సంచికి గుచ్చుకుని చిల్లు పెడతాయి కాబట్టి జోడు సంచి అడిగి తెచ్చాను; వలలో కూడా ఆ ముళ్లు చిక్కుకుంటాయి, చిన్న గిన్నెతో తీయడం సులువు.

వచ్చిన రోజు మేత వేయలేదు. తరువాత కూడా రెండు నిమిషాల్లో తినగలిగినంతే. ప్రతి కొత్త గుంపు చేరాక వారం రోజులు రోజూ అమ్మోనియా, నైట్రైట్ చూసి, సున్నా నిలిచాకే తరువాతి గుంపు సంగతి ఆలోచించాను. రెండో సగం రాస్బోరాలు చేరాక ఒకసారి నైట్రైట్ లేత రంగు చూపింది. నైట్రైట్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తుంది. నీటిలో ఎంత గాలి ఉన్నా చేప ఉక్కిరిబిక్కిరవుతుంది. నీరు మార్చి, మేత తగ్గించి, లీటరుకు 0.1 గ్రాము చొప్పున ఉప్పు వేశాను, ఎందుకంటే క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌తో పోటీపడి దాన్ని లోనికి రానివ్వదు. రంగు తొలగే దాకా కోరిడోరాస్‌లను తేలేదు. గౌరామీలను చివర చేర్చాను. అవి నీటిపైకి వచ్చి గాలి మింగే జాతి; నీటికీ మూతకూ మధ్య ఉన్న గాలి వెచ్చగా, తేమగా ఉండాలి గనుక గాజుమూత ఇక్కడ రెండోసారి పనికొచ్చింది.

వారానికి ఒకసారి నాలుగో వంతు నీరు మారుస్తాను. ముందు హీటర్ల ప్లగ్గులు తీసి ఇరవై నిమిషాలు ఆగుతాను. తరువాతే నీటిలో చేయి. కొత్త నీటి వేడి తొట్టి నీటికి ఒక డిగ్రీ లోపు తేడాలో ఉండేలా విడి బకెట్‌లో థర్మామీటరుతో చూసి కలుపుతాను. నీరు నిండి, ఫిల్టరు నడక చూశాక చివరన హీటర్ల ప్లగ్గు. ప్లగ్గు పెట్టడం మరిచిపోకుండా ఉండేందుకు ఫిల్టరు స్విచ్ పక్కనే హీటర్ల స్విచ్ ఉంచి, కంట్రోలర్ దీపం వెలగడం చూసి గాని గది వదలను.

కరెంటు పోయినప్పుడు ముందు తగ్గేది వేడి కాదని ఆ చల్లబడే రాత్రి కొలత నాకు ముందే చెప్పింది. రెండున్నర గంటలకు ఒక డిగ్రీ, ఆపైన తేడా తగ్గేకొద్దీ ఇంకా నెమ్మది. దుప్పటి చుడితే మరింత ఆలస్యం. ముందు తగ్గేది ఆక్సిజన్. ఫిల్టరు ఆగితే నీటి ఉపరితలం కదలదు, స్పాంజిలోని బ్యాక్టీరియా కూడా ఊపిరాడక చావడం మొదలవుతుంది. కాబట్టి బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి సిద్ధంగా ఉంచాను. సుదీర్ఘంగా కరెంటు లేని ఒక రాత్రి తెల్లవారేసరికి నీరు 22 డిగ్రీల దగ్గర ఉంది, చేపలన్నీ మామూలుగానే ఉన్నాయి. కరెంటు వచ్చాక రెండు హీటర్లూ కలిసి దాన్ని 24కు చేర్చడానికి సాయంత్రం దాకా పట్టింది. ఆ రోజు మేత వేయలేదు, చీకటి పడ్డాక అమ్మోనియా చూస్తే సున్నా.